చీటీ వెంట వెళ్లని సమాచారం

జిల్లా ఆస్పత్రిలో డాక్టరు చూశారు, రక్తం తీయించారు, స్కానింగ్ కూడా చేయించారు, చివరికి చీటీ రాసి వరంగల్‌లోని ఎంజీఎం ఆస్పత్రికి పంపారు. మరి అక్కడి డాక్టరు మళ్లీ మొదటి నుంచి ఎందుకు అడుగుతారు, అవే పరీక్షలు మళ్లీ ఎందుకు రాస్తారు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో రోగిని వెంటబెట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఏదో ఒక రోజున అడిగే ప్రశ్న ఇది. పరికరాలు లేవని, నిపుణులు చాలరని, పెద్దాసుపత్రిలో రద్దీ ఎక్కువని, కొన్ని పరీక్షలు వేళ దాటితే పనికిరావని సమాధానాలు వినిపిస్తుంటాయి. ఇవన్నీ నిజమే. కాని కొత్త యంత్రాలు వచ్చి, పడకలు పెరిగి, నిపుణులు చేరిన తర్వాత కూడా ఈ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది కనుక, కారణం యంత్రాల్లోనూ పోస్టుల సంఖ్యలోనూ మాత్రమే లేదని అనుకోవలసి వస్తుంది. పంపిన డాక్టరుకూ అందుకున్న డాక్టరుకూ మధ్య పరిచయం ఉందా, ఒకరి మాటను ఒకరు నమ్ముతారా, అవసరమైతే ఒకరికొకరు ఫోన్ చేసుకోగలరా అన్న విషయాలు కూడా చికిత్స ఫలితాన్ని మారుస్తాయని, వాటిని కొలవవచ్చని సామాజిక శాస్త్రవేత్తలు దాదాపు డెబ్బై ఏళ్లుగా చెబుతున్నారు.

లెక్కలోకి రాని వసతి

ఒక ఆస్పత్రి ఎలా ఉందని ప్రభుత్వ నివేదిక చెప్పదలిస్తే పడకలు ఎన్ని, మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఓపీ ఎంత, ఆ నెలలో కాన్పులు ఎన్ని అని చెబుతుంది. గర్భిణికి రాత్రి పదకొండింటికి ఫిట్స్ వస్తే పీహెచ్‌సీ డాక్టరు ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు అన్నదానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి ఉండదు.

మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండాలో రక్తహీనత, రక్తపోటు రెండూ ఉన్న గర్భిణిని ఉదాహరణగా తీసుకుంటే సంగతి స్పష్టమవుతుంది. ఆమె కాళ్ల వాపును మొదట గమనించేది ఆశా కార్యకర్త. బీపీ చూసి కార్డులో రాసేది ఏఎన్ఎం. మాత్రలు మొదలుపెట్టేది పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9న జరిగే పరీక్షల్లో ఆమెను చూసేది స్త్రీ వైద్య నిపుణురాలు. నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఆపరేషన్ చేసే డాక్టరు వేరు, మత్తు ఇచ్చే డాక్టరు వేరు, పుట్టిన బిడ్డను చూసే పిల్లల డాక్టరు వేరు, రక్తం సిద్ధం చేసే బ్లడ్ బ్యాంకు ఉద్యోగి వేరు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే హన్మకొండ ప్రసూతి ఆస్పత్రికో, వరంగల్ సీకేఎం ఆస్పత్రికో, ఎంజీఎంకో పంపుతారు. అక్కడ మళ్లీ మరో బృందం. వీరిలో ప్రతి ఒక్కరూ తమ పని తాము తప్పు లేకుండా చేసినా, ఆమెకు ఏ మందు పడదు, బీపీ ఏ రోజు నుంచి పెరుగుతోంది, రక్తం ఒకసారి ఎక్కించారా అన్న ముక్కలు ఒకరి నుంచి ఒకరికి చేరకపోతే, చివర చూసిన డాక్టరు మొదటి డాక్టరు కంటే తక్కువ తెలిసిన స్థితిలో నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి అడగడానికి అసలు కారణం ఇదే. అది నిర్లక్ష్యం కాదు. పైగా ఆ పరిస్థితిలో అలా అడగకపోవడమే నిర్లక్ష్యం అవుతుంది.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను ఎరిగిన ప్రాంతంలో ఈ అమరికను వివరించడం కష్టం కాదు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు వాగు పట్టుకుని కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందిదానికి. గొలుసులో ప్రతి చెరువూ బాగానే ఉండి, కట్టలు గట్టిగానే ఉండి, వాటిని కలిపే కాలువ మాత్రం పూడిపోయినా, ఎవరో దున్ని కలుపుకున్నా, పైన కట్ట తెగే ప్రమాదం, కింద నెర్రెలు విచ్చిన నేల ఒకే ఏడాదిలో కనిపిస్తాయి. చెరువుల జాబితా చూసేవారికి లోపం కనబడదు, ఎందుకంటే జాబితాలో కాలువలు ఉండవు. పీహెచ్‌సీ, సామాజిక ఆరోగ్య కేంద్రం, జిల్లా ఆస్పత్రి, ఎంజీఎం అనే గొలుసు కూడా సరిగ్గా అలాగే ఉంది, ఒక్క తేడాతో: నీరు కిందికే పోతుంది, తిరిగి పైకి రాదు, వైద్యంలో మాత్రం పంపిన రోగికి ఏమైందన్న కబురు పంపినవారికి తిరిగి రావాలి, వస్తేనే తర్వాతి రోగిని సరైన వేళకు పంపగలుగుతారు. ఆచరణలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఈ తిరుగుదారే.

డాక్టర్ల మధ్య గీతలు గీయడం ఎలా?

శాస్త్రవేత్తలు ఈ సంబంధాలను బొమ్మగా గీస్తారు. ఒక్కో డాక్టరు ఒక చుక్క. ఇద్దరి మధ్య సలహా, స్నేహం, రోగుల పంపకం వంటి సంబంధం ఉంటే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. ఎక్కువ గీతలు వచ్చి చేరే చుక్కను కేంద్ర స్థానం అని, ఒకరితో ఒకరికి బాగా సంబంధాలున్న చుక్కల సమూహాన్ని దట్టమైన గుంపు అని, రెండు గుంపులను కలిపే ఒంటరి చుక్కను కలుపుడు మనిషి అని పిలుచుకోవచ్చు. మొత్తం బొమ్మను నెట్‌వర్క్ అంటారు.

ఈ పద్ధతిలో వైద్యులను అధ్యయనం చేసినవాటిలో బాగా పేరుపొందినది 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నాలుగు పట్టణాల్లో జరిగింది. టెట్రాసైక్లిన్ అనే కొత్త యాంటీబయోటిక్‌ను డాక్టర్లు ఎప్పుడు రాయడం మొదలుపెట్టారో తెలుసుకోవడానికి జేమ్స్ కోల్‌మన్, ఎలిహు కాట్జ్, హెర్బర్ట్ మెంజెల్ అనే ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు మందుల దుకాణాల్లో ప్రిస్క్రిప్షన్లను తిరగేశారు. ఆ డాక్టర్లను విడిగా కలిసి, సలహా ఎవరిని అడుగుతారు, కేసుల గురించి ఎవరితో మాట్లాడతారు, తీరిక వేళల్లో ఎవరితో కలుస్తారు అని మూడు ప్రశ్నలు వేశారు. 125 మంది డాక్టర్ల వివరాలను పోల్చి చూస్తే, తోటివారు ఎక్కువగా పేరు చెప్పిన డాక్టర్లు ఆ మందును ముందుగా మొదలుపెట్టారని, విడిగా ఉండేవారు ఆలస్యం చేశారని తేలింది. కొత్త మందు గురించి పత్రికల్లో చదవడం వేరు, తన వంటి డాక్టరు ఒకరు వాడి చూశానని చెప్పడం వేరు అన్నది 1957లో వ్యాసంగా, 1966లో పుస్తకంగా వెలువడిన ఆ పరిశోధన సారాంశం.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. 2001లో వాన్ డెన్ బుల్ట్, లిలియన్ అనే ఇద్దరు పరిశోధకులు అవే వివరాలను మళ్లీ లెక్కకట్టి, ఆ నెలల్లో మందుల కంపెనీలు చేసిన ప్రచారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే తోటివారి ప్రభావం కనిపించకుండా పోతోందని చూపించారు. అసలు అధ్యయనానికి డబ్బిచ్చింది ఫైజర్ కంపెనీ అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినదే. ఇద్దరు డాక్టర్లు ఒకే మందు రాస్తున్నారంటే ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని కావచ్చు, ఇద్దరి తలుపూ ఒకే మెడికల్ రిప్రజెంటేటివ్ తట్టాడని కూడా కావచ్చు. నెట్‌వర్క్ పరిశోధనలో ఈ చిక్కు నేటికీ పూర్తిగా వీడలేదు కనుక, కింద చెప్పే ఫలితాలను కూడా ఆ జాగ్రత్తతోనే చదవాలి.

డాక్టర్లందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడగడం పెద్ద దేశంలో సాధ్యం కాదు. అందుకని ఇటీవలి పరిశోధకులు బిల్లులను ఆశ్రయించారు. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూసినట్టు బిల్లుల్లో ఉంటే వారిద్దరి మధ్య ఒక గీత గీస్తారు. ఉమ్మడి రోగులు పెరిగేకొద్దీ గీత లావు అవుతుంది. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా బిల్లులతో బ్రూస్ లాండన్, నికొలస్ క్రిస్టాకిస్, మైకేల్ బార్నెట్, వారి సహచరులు 51 ప్రాంతాలకు ఇటువంటి బొమ్మలు గీసి 2012లో ప్రచురించారు. బిల్లులు నిజం చెబుతాయా అన్న అనుమానం తీర్చుకోవడానికి అంతకుముందే కొందరు డాక్టర్లను నేరుగా అడిగి చూడగా, ఇద్దరి మధ్య ఉమ్మడి రోగుల సంఖ్య పెరిగేకొద్దీ వారికి నిజంగానే పరిచయం ఉండే అవకాశం పెరుగుతోందని తెలిసింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ బిల్లుల్లో ఏ రోగి ఏ ఆస్పత్రిలో ఏ చికిత్స పొందాడన్న వివరం ఉంటుంది కనుక, పేర్లు తీసేసి వాటిని పరిశోధకులకు ఇస్తే తెలంగాణ జిల్లాలకూ ఇలాంటి బొమ్మలు గీయవచ్చు. అయితే ఓపీ మందులు, నర్సింగ్ హోముల నగదు చెల్లింపులు ఆ బిల్లుల్లో ఉండవు. ఈ జిల్లాల్లో వైద్యం చాలావరకు నడిచేది అక్కడే.

గీతలు ఎక్కువైతే మేలేనా?

సంబంధాలు ఎంత పెరిగితే అంత మంచిదని పైకి అనిపిస్తుంది. ఆస్పత్రుల లెక్కలు అలా చెప్పడం లేదు. మెడికేర్ బిల్లులతో బొమ్మలు గీసిన ఆ బృందమే 2012లోనే అమెరికన్ ఆస్పత్రులను పోల్చి చూసినప్పుడు, ఒక్కో డాక్టరుకు రోగులను పంచుకునే తోటి డాక్టర్లు ఎక్కువగా ఉన్న ఆస్పత్రుల్లో ఖర్చు, పడకపై గడిపే రోజులు, నిపుణుల సందర్శనలు ఎక్కువగా ఉన్నాయని, సాధారణ వైద్యులు కేంద్ర స్థానంలో ఉన్న ఆస్పత్రుల్లో స్కానింగులకూ పరీక్షలకూ అయ్యే ఖర్చు తక్కువగా ఉందని తేలింది. రోగి పదిమంది చేతులు మారితే పదిమందీ తలా ఒక పరీక్ష రాస్తారు. ఎవరో ఒకరు మొత్తం సంగతి తమ దగ్గర పెట్టుకుంటే సగం పరీక్షల అవసరం ఉండదు.

దీనికి తోడుగా క్రెయిగ్ పొలాక్, ఆయన సహచరులు మరో కొలత తయారుచేశారు. ఒక రోగిని చూసిన డాక్టర్లందరినీ జతలు జతలుగా తీసుకుని, ఆ జతలు ఇంకెంతమంది రోగులను కలిసి చూశాయో లెక్కవేస్తే, ఆ రోగి చుట్టూ ఉన్న బృందం పాతదా కొత్తదా అన్నది తెలుస్తుంది. గుండె బలహీనత, మధుమేహం ఉన్న రోగుల విషయంలో, ఒకరికొకరు అలవాటైన డాక్టర్ల చేతిలో పడినవారికి అయిన ఖర్చు తక్కువగా ఉందని 2013లో ప్రచురించిన వారి అధ్యయనం చూపింది. రెండు ఫలితాలను కలిపి చదివితే విషయం తేటపడుతుంది: మేలు చేసేది గీతల సంఖ్య కాదు, అవే ఇద్దరి మధ్య మళ్లీ మళ్లీ జరిగే పని.

ఇందులో ఒక మెలిక ఉంది. అలవాటైన నలుగురే ఎప్పుడూ మాట్లాడుకుంటే కొత్త సంగతి లోపలికి రాదు. దగ్గరివారికి మనకు తెలిసినదే తెలుస్తుంది కాబట్టి కొత్త కబురు తరచుగా దూరపు పరిచయస్తుల నుంచే వస్తుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వివరించాడు. జిల్లా ఆస్పత్రికి రెండు రకాల బంధాలూ కావాలి: వార్డులో రోజూ కలిసి పనిచేసే గట్టి బంధాలు, వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో చదువుకున్న రోజుల నుంచి నిలిచిన సన్నని బంధాలు. కాకతీయ వైద్య కళాశాల 1959లో ప్రారంభమైనప్పటి నుంచి పాత వరంగల్ జిల్లాలో ఈ రెండో పని చాలావరకు ఆ కళాశాల బ్యాచ్‌లే చేస్తూ వచ్చాయి. సీనియర్, జూనియర్, రూమ్మేట్ అన్న వరసలు ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ ఉండవు గాని, అర్ధరాత్రి ఎంజీఎం క్యాజువాల్టీలో రోగికి దారి చూపేది ఒక్కోసారి అవే. అది ఆ రోగికి అదృష్టం. అలాంటి వరస లేని డాక్టరు పంపిన రోగికి అన్యాయం. పరిచయం మీద నడిచే వ్యవస్థను మెచ్చుకునే ముందు ఈ రెండో వైపు కూడా చూడాలి.

మూడు జిల్లాలు, మూడు ఆకారాలు

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరేట్లు, డీఎంహెచ్ఓ కార్యాలయాలు కొత్తగా వచ్చాయి; రోగుల బాటలు మాత్రం కొత్త సరిహద్దులను పట్టించుకోలేదు. జనగామ హైదరాబాద్–వరంగల్ దారి మధ్యలో ఉంది, రైలూ ఉంది. కనుక అక్కడి రోగి అటు ఉప్పల్ వైపు ప్రైవేటు ఆస్పత్రులకూ వెళ్తాడు, ఇటు ఎంజీఎంకూ వెళ్తాడు, కొందరు రెండు చోట్లా చూపించుకుని రెండు ఫైళ్లు పట్టుకుని తిరుగుతారు. మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్, గార్ల వైపువారికి ఖమ్మం దగ్గర. మరిపెడ వారికి ఖమ్మమూ సూర్యాపేటా రెండూ దారే. కొత్తగూడ, గంగారం ఏజెన్సీ మండలాల వారు నర్సంపేట మీదుగా వరంగల్ చేరతారు. మహబూబాబాద్ (మానుకోట) పట్టణంలోని ఆస్పత్రి జిల్లాకు కేంద్రమైనా, రోగుల నడకను గీస్తే బొమ్మలో మూడు నాలుగు వేర్వేరు గుంపులు కనిపిస్తాయి. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికులకు సింగరేణి ఆస్పత్రి ఒకవైపు, మిగతావారికి ప్రభుత్వ ఆస్పత్రి మరోవైపు. మహాదేవపూర్, పలిమెల వంటి గోదావరి ఒడ్డు మండలాల నుంచి జిల్లా కేంద్రానికి రావడమే ఒక ప్రయాణం, అక్కడి నుంచి వరంగల్ మరో ప్రయాణం. దూరం పెరిగేకొద్దీ పొరపాటుగా పంపిన రెఫరల్ ఖరీదు పెరుగుతుంది కనుక, పంపేముందు అడగగలిగే ఒక ఫోన్ నంబరు విలువ జనగామలో కంటే పలిమెలలో ఎక్కువ.

ప్రభుత్వ వ్యవస్థ కూడా ఒకే ముక్క కాదు. పీహెచ్‌సీలు ప్రజారోగ్య సంచాలకుల కింద, సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆస్పత్రులు 1986 నాటి చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్ కింద, బోధనాసుపత్రులు వైద్య విద్యా సంచాలకుల కింద పనిచేసే ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చింది. జీతం ఇచ్చేవారు, బదిలీ చేసేవారు, సమీక్ష పెట్టేవారు వేర్వేరు అయినప్పుడు, తొర్రూరులోని డాక్టరూ మహబూబాబాద్‌లోని డాక్టరూ ఒకే గదిలో కూర్చునే సందర్భాలు తక్కువ. గర్భిణుల మరణాలపై జిల్లా స్థాయిలో జరిగే సమీక్ష అలాంటి అరుదైన సందర్భాల్లో ఒకటి: అందులో ఆశా నుంచి నిపుణురాలి దాకా అందరూ ఒక్క కేసును మొదటి నుంచి చివరి వరకు వరసగా చెప్పుకోవాలి. తప్పు ఎవరిదో తేల్చే విచారణగా కాక, కబురు ఎక్కడ తెగిందో వెతికే పనిగా జరిగితే దానంత మంచి పాఠం మరొకటి లేదు. ఒక ప్రాణం పోయాకే ఈ కలయిక జరగడం మాత్రం విచారకరం.

ఇక ఈ జిల్లాల్లో అన్నిటికంటే చురుకైన నెట్‌వర్క్ ప్రభుత్వానిది కాదని ఒప్పుకోవాలి. ఊళ్లో జ్వరం వస్తే మొదట చేరే చోటు ఆర్ఎంపీ ఇల్లు. ఆయన సెలైన్ పెడతారు, రెండు రోజులు చూస్తారు, తగ్గకపోతే హన్మకొండలో తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌కు స్వయంగా తీసుకువెళ్తారు, డాక్టరు గదిలోకి రోగితోపాటు వెళ్తారు, మర్నాడు ఇంటికి వచ్చి పలకరిస్తారు. చదువు లేని వైద్యం ప్రమాదకరమన్నది వాస్తవమే. అవసరం లేని ఇంజెక్షన్లు, యాంటీబయోటిక్‌ల సంగతి అందరికీ తెలిసిందే. కాని సంబంధాల దృష్టితో చూస్తే, పంపినవారూ అందుకున్నవారూ ఒకరినొకరు ఎరిగి ఉండడం, కబురు తిరిగి రావడం అనే రెండు పనులూ ఇక్కడ పూర్తవుతున్నాయి. ఆ గీత వెంట కబురుతోపాటు కమీషన్ కూడా ప్రయాణిస్తే మాత్రం రోగి చేరవలసిన చోటుకు కాక, డబ్బు వచ్చే చోటుకు చేరతాడు. రోగిని పంపినందుకు ప్రతిఫలం ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ నియమావళి డాక్టర్లకు వర్తిస్తుంది, డాక్టరు కాని ఆర్ఎంపీకి వర్తించదు. ఈ జిల్లాల్లో వైద్య నెట్‌వర్క్ గురించి మాట్లాడుతూ దీన్ని వదిలేయడం మర్యాద కావచ్చు గాని శాస్త్రం కాదు.

డ్యూటీ మారే వేళ

బంధాలు ఒకే ఆస్పత్రి గోడల లోపల కూడా తెగుతాయి. వార్డులో రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారుతుందని అనుకుంటే, దిగిపోయే డాక్టరుకు ఇరవైమంది రోగుల సంగతి తెలుసు, ఎక్కే డాక్టరుకు కేస్ షీట్లు తెలుసు. ‘ఏడో బెడ్ చూసుకోండి, కొంచెం సీరియస్’ అన్న ఒక్క మాటతో అప్పగింత ముగిస్తే, సీరియస్ అంటే ఏమిటో, తెల్లవారుజామున బీపీ పడిపోతే ఏం చేయాలనుకున్నారో ఆ మాటలో ఉండదు. అమెరికా, కెనడాల్లో పిల్లల వార్డుల్లో పనిచేసే జూనియర్ డాక్టర్లకు ఈ అప్పగింతను ఒక క్రమంలో చేయడం నేర్పి చూశారు: రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడు, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇంకా చేయవలసినవి ఏమిటి, ఏం జరిగితే ఏం చేయాలి, చివరగా విన్న డాక్టరు ఆ మొత్తాన్ని తిరిగి తన మాటల్లో చెప్పడం. తొమ్మిది ఆస్పత్రుల్లో రోగులు చేరిన 10,740 సందర్భాల వివరాలతో 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం వైద్యంలో పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. కొత్త యంత్రం ఒక్కటీ కొనలేదు. విన్నవారు తిరిగి చెప్పాలన్న చివరి మెట్టే మన వార్డుల్లో అన్నిటికంటే కష్టమైనది కావచ్చు, ఎందుకంటే పీజీ విద్యార్థి ప్రొఫెసరుతో ‘సార్, మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది’ అనడానికి మన అలవాట్లు అంత తేలిగ్గా ఒప్పుకోవు.

ఆస్పత్రుల మధ్య అప్పగింతకు ఉదాహరణ కోసం అంత దూరం పోనక్కర్లేదు. తమిళనాడులో గుండెపోటు రోగుల కోసం చిన్న ఆస్పత్రులను నాలుగు పెద్ద గుండె ఆస్పత్రులతో కలిపారు. చిన్న ఆస్పత్రిలో తీసిన ఈసీజీ పెద్ద ఆస్పత్రి డాక్టరుకు చేరుతుంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇచ్చి, ఆ తర్వాత రోగిని అంబులెన్సులో తరలిస్తారు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉంటుంది. 2,420 మంది రోగులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఏర్పాటుకు ముందు ఏడాదిలోపు మరణించినవారు 17.6 శాతం ఉండగా తర్వాత 14.2 శాతానికి తగ్గారు. వ్యక్తిగత పరిచయం మీద నడిచే పనిని ఎవరికైనా అందే ఏర్పాటుగా మార్చవచ్చనడానికి ఇది మంచి సాక్ష్యం. తెలంగాణలో 108 అంబులెన్సు (2005 నుంచి), నమూనాలను పీహెచ్‌సీ నుంచి జిల్లా ల్యాబుకు చేర్చే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ రోగినీ రక్తాన్నీ తరలించే దారులను వేశాయి. డాక్టరు మాటను తరలించే దారి ఇంకా ఎక్కువగా వాట్సాప్ మీదే నడుస్తోంది.

ఈ బొమ్మను అన్నిటికంటే ఎక్కువగా మార్చబోయేవి కొత్త వైద్య కళాశాలలు. మహబూబాబాద్ కళాశాల 2022 నవంబర్ 15న, జనగామ, భూపాలపల్లి కళాశాలలు 2023 సెప్టెంబర్ 15న ప్రారంభమయ్యాయి. జిల్లా ఆస్పత్రులు బోధనాసుపత్రులుగా మారాయి; అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ప్రొఫెసర్లు చేరారు. చుక్కలు ఒక్కసారిగా పెరిగాయి. గీతలు అంత వేగంగా పెరగవు, ఎందుకంటే అవి ఉత్తర్వుతో పుట్టవు. ఒకే చోట ఏళ్ల తరబడి పనిచేస్తే పుడతాయి. హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో కాపురం ఉంచి పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు వెళ్లే నిపుణుడు ఎంత సమర్థుడైనా, రాత్రి బచ్చన్నపేట నుంచి వచ్చే ఫోన్‌కు ఆయన జవాబుదారీ కాలేడు. ఏడాదికోసారి బదిలీ అయితే ఆయన కట్టుకున్న బంధాలు ఆయనతోపాటే వెళ్లిపోతాయి. కళాశాల పెట్టడానికి చూపిన శ్రద్ధలో సగమైనా, అధ్యాపకులు ఆ పట్టణంలోనే ఉండేందుకు కావలసిన ఇళ్లు, బడులు, భద్రత మీద చూపకపోతే, మూడు కొత్త కళాశాలలూ ఎంజీఎంకు రోగులను పంపే మూడు కొత్త కౌంటర్లుగా మిగిలే ప్రమాదం ఉంది.

ఆశ కలిగించే సంగతులూ లేకపోలేదు. పీజీ విద్యార్థులందరూ మూడు నెలలు జిల్లా స్థాయి ఆస్పత్రిలో పనిచేయాలన్న నియమం 2020లో వచ్చింది. కాకతీయ కళాశాల పీజీ ఒకరు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో గడిపి తిరిగి ఎంజీఎంకు వెళ్తే, ఆ జిల్లా డాక్టరుకు ఎంజీఎంలో పేరు తెలిసిన మనిషి ఒకరు ఏర్పడినట్టే. పైన చెప్పిన కలుపుడు మనిషిని ప్రభుత్వ నియమమే తయారుచేయడం అరుదు. ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడాది నుంచే కొన్ని గ్రామీణ కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యాన్ని గమనించాలన్న పద్ధతి కూడా అమలులో ఉంది. నాలుగున్నరేళ్ల చదువు లెక్కన మహబూబాబాద్ మొదటి బ్యాచ్ 2027లో, జనగామ, భూపాలపల్లి బ్యాచ్‌లు 2028లో హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి రావాలి.

అంతవరకు, పంపిన డాక్టరుకూ అందుకున్న డాక్టరుకూ మధ్య కబురు మోసేది ఎక్కువగా రోగి చేతిలోని ప్లాస్టిక్ కవరే కనుక, పాఠకులు ఆ కవరును తేలిగ్గా తీసుకోకూడదు. రెఫరల్ చీటీలో ఇచ్చిన మందులు, ఇచ్చిన వేళ, పంపడానికి కారణం, పంపినవారి ఫోన్ నంబరు ఉన్నాయేమో బయలుదేరేముందు చూసుకోవాలి, లేకపోతే రాయించుకోవాలి. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు ఒకటి మొదట పంపిన డాక్టరుకు ఇచ్చి రావాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి నియమావళే చెబుతోంది.